ధ్యాన సాధన – మీ సందేహాలు: ఫోను, జపమాల, అగరుబత్తి

గత సంచికలో రోజూ ఒకే వేళకు కూర్చోవడం గురించి రాసినప్పుడు, సమయం చూసుకోవడానికి ఫోన్ వాడవచ్చునా అనే విషయాన్ని ఒక్క వాక్యంతో దాటేశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఆ ఒక్క వాక్యం గురించే అడిగాయి, వాటిలోనూ ఎక్కువ హైదరాబాద్ నుంచే వచ్చాయి. నేను ఇరవై రెండేళ్లుగా సాధన చేస్తున్నాను. మొదటి పదేళ్లు ఇంట్లోని బల్లగడియారంతో, ఆ తరువాత ఫోన్‌తో గడిచాయి. రెండింటితోనూ మేలు పొందాను, రెండింటితోనూ ఇబ్బంది పడ్డాను. ఆ అనుభవంతోనే ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. అయిదు నెలలుగా ఒక యాప్‌లోని గొంతు చెప్పినట్టు పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంటున్నాను. పండక్కి ఊరు వెళ్లినప్పుడు నెట్‌వర్క్ అందక మూడు రోజులు కూర్చోలేకపోయాను. తిరిగి వచ్చి చూస్తే 143 రోజుల వరుస లెక్క సున్నా అయిపోయింది. అప్పటినుంచి మళ్లీ మొదలుపెట్టబుద్ధి కావడం లేదు. ఆ గొంతు లేకుండా కూర్చుంటే ఏం చేయాలో కూడా తోచడం లేదు.
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: మీరు 143 రోజులు కూర్చున్నారు. ఆ రోజులు ఎక్కడికీ పోలేదు. మీరు వరుసగా ఎన్ని రోజులు యాప్ తెరిచారన్నదే అది లెక్కపెడుతుంది, అందుకే తెర మీద సున్నా కనిపిస్తున్నది. మనిషి ఒక్కరోజు కూడా యాప్‌ను మరచిపోకూడదన్న ఉద్దేశంతో చేసిన ఏర్పాటు అది. దానికి మీ మనసు ఎంత కుదురుకున్నదో తెలిసే దారి లేదు. కొత్తగా అలవాటు చేసుకునేవారికి మొదటి నెల, రెండు నెలలు ఆ అంకె సాయం చేస్తుందని ఒప్పుకుంటాను. కానీ అంకె పోతుందేమోనన్న భయం మీద నిలిచిన అలవాటు, ఆ అంకె పోయిన రోజునే కూలిపోతుంది. మీకు జరిగింది అదే.

దీనికి నేను చెప్పగలిగిన మార్గం, తిథి వర్జ్యాలు చూసుకోవడానికి మన ఇళ్లలో గోడకు తగిలించుకునే క్యాలెండర్. కూర్చున్న రోజున ఆ గడిలో పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టండి. నెలాఖరుకు ముప్పై గడుల్లో ఇరవై రెండు చుక్కలు ఉంటే ఆ నెల ఇరవై రెండు రోజులు సాధన జరిగిందన్న మాట. మధ్యలో మూడు గడులు ఖాళీగా ఉన్నంత మాత్రాన వాటి ముందున్న చుక్కలు చెరిగిపోవు. ఏ రోజుల్లో ఖాళీలు వస్తున్నాయో కూడా ఆ కాగితం మీద తెలిసిపోతుంది. ఆదివారాలా, రాత్రి పని ఎక్కువైన మరునాళ్లా, బంధువులు వచ్చిన రోజులా అన్నది చూసుకుంటే, మార్చుకోవలసింది సంకల్పాన్నా, కూర్చునే వేళనా అనేది స్పష్టమవుతుంది.

ఇక గొంతు సంగతి. శ్వాస మీద నిలిపిన మనసు ఎక్కడికో పోతుంది. పోయిందని ఒక క్షణాన మనకు తెలుస్తుంది, మళ్లీ శ్వాస దగ్గరకు తెస్తాం. ఈ పోవడం, తెలియడం, తిరిగి రావడం అనే మూడింటిలో నేర్చుకోవలసిన పని నడిమిది, అంటే పోయిందని తెలియడం. ప్రతి ముప్పై సెకన్లకు ఒక మృదువైన గొంతు ‘శ్వాసను గమనించండి’ అంటూ ఉంటే, ఆ పని మన తరఫున అదే చేసిపెడుతున్నది. పల్లెల్లో పిల్లలకు బావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకు ఎండు సొరకాయ కట్టేవారు. మునగకుండా చేతులు కాళ్లు ఆడించడం నేర్చుకోవడానికి అది కావాలి. అయితే నేర్పే పెద్దవాళ్లు కొన్నాళ్లకు తాడు కాస్త వదులు చేసేవారు, ఆ తరువాత కాయను చిన్నది చేసేవారు, ఒకరోజు పిల్లవాడికి చెప్పకుండానే విప్పేసేవారు. మీరు అయిదు నెలలుగా ఒకే సొరకాయను ఒకే బిగువుతో కట్టుకుని ఉన్నారు.

దాన్ని ఇలా వదులు చేయండి. మొదటి రెండు వారాలు గొంతును పది నిమిషాలకు కుదించి, మిగతా అయిదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోండి. ఆ తరువాతి మూడు, నాలుగు వారాలు గొంతును పూర్తిగా మాని, అయిదు నిమిషాలకు ఒకసారి చిన్నగా గంట మోగేట్టు టైమర్ పెట్టుకోండి. గంట వినబడినప్పుడు మనసు ఎక్కడ ఉన్నదో చూసుకోవడమే అప్పుడు మీ పని. మొదట్లో అది దాదాపు ప్రతిసారీ ఆఫీసులోనే ఉంటుంది, దానికి నొచ్చుకోకండి. చివరికి మొదట ఒక గంట, ముగింపున ఒక గంట మిగిలితే చాలు. మనసు మరీ అల్లకల్లోలంగా ఉన్న వారంలో తిరిగి గొంతు పెట్టుకుంటే తప్పు లేదు. ఇన్‌సైట్ టైమర్ అనే యాప్‌లో ఇలా నడుమ నడుమ మోగే గంటలను డబ్బు కట్టకుండానే అమర్చుకోవచ్చు. లాభాపేక్ష లేని సంస్థ నడిపే మెడిటో, వియత్నాం బౌద్ధ భిక్షువు తిక్ నాట్ హాన్ సంప్రదాయానికి చెందిన ప్లమ్ విలేజ్ యాప్ కూడా ఉచితంగా దొరికేవే. ఊరు వెళ్లే ముందు కావలసినవాటిని ఫోన్‌లోకి దింపుకుని పెట్టుకోవచ్చు. అసలు ఫోన్‌లోని మామూలు గడియారానికి నెట్‌వర్క్ అవసరమే ఉండదు.

మరొక్క మాట. ఈ యాప్‌లలో సూచనలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. కోపం వచ్చినప్పుడు, భయం వేసినప్పుడు మీరు ఏ భాషలో ఆలోచిస్తారో ఆ భాషలో సూచన వింటే మనసు త్వరగా లోబడుతుందని నా నమ్మకం. ఫోన్‌లోని వాయిస్ రికార్డర్ తెరిచి, ‘వెన్ను నిటారుగా ఉంచు, ముక్కు దగ్గర గాలి తాకే చోటు చూడు’ వంటి నాలుగైదు వాక్యాలను, ఒక్కొక్క వాక్యానికీ నడుమ రెండేసి నిమిషాల నిశ్శబ్దం ఉంచి, మీ గొంతుతో గానీ మీ అమ్మగారి గొంతుతో గానీ రికార్డు చేసుకోండి. నాకు తెలిసిన కొందరు ఇలా చేసుకున్నారు, కొన్న యాప్‌ల కంటే దాన్నే ఎక్కువకాలం వాడారు.

ప్రశ్న: తెల్లవారి అయిదున్నరకు కూర్చుంటాను. న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి సరిగ్గా అప్పుడే ఫోన్ చేస్తాడు. ఫోన్ ఆపేద్దామంటే ఇంట్లో మంచాన ఉన్న అత్తగారి గురించి, దూరాన ఉన్న పిల్లవాడి గురించి భయం. ఆపకపోతే మోగుతుందేమోనని చెవి అటే ఉంటుంది.
– ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, మనకు తెల్లవారి అయిదున్నర అయ్యేసరికి వారికి ముందురోజు రాత్రి ఏడో ఎనిమిదో అవుతుంది. ఆఫీసు నుంచి ఇల్లు చేరి అమ్మతో మాట్లాడాలనుకునే వేళ అది, పిల్లవాడి తప్పేమీ లేదు. మీరు ఆరున్నరకు మాట్లాడతానని ఒకసారి చెప్పి చూడండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

మిగతా సగానికి ఫోన్‌లోనే ఏర్పాటు ఉంది. డు నాట్ డిస్టర్బ్ అనే సదుపాయాన్ని పెట్టుకుంటే కాల్స్, మెసేజ్‌ల చప్పుడు ఆగిపోతుంది. మీరు ఎంపిక చేసిన ఇద్దరు ముగ్గురి కాల్స్ మాత్రం మోగేలా అందులోనే అమర్చుకోవచ్చు. ఇంకా ఉపయోగపడేది, ఒకే మనిషి వెంటనే రెండోసారి చేస్తే మోగనిచ్చే ఏర్పాటు. ఆండ్రాయిడ్ ఫోన్లలో పదిహేను నిమిషాల లోపు, ఐఫోన్‌లో మూడు నిమిషాల లోపు అదే నంబరు నుంచి రెండో కాల్ వస్తే అది మోగుతుంది. ఆపద ఏదైనా ఉంటే వెంటనే రెండోసారి చేయమని అబ్బాయికి చెప్పండి. వాట్సాప్ కాల్స్‌కు ఈ ఏర్పాటు అన్ని ఫోన్లలో ఒకేలా పనిచేయదు కనుక, అత్యవసరమైతే మామూలు కాల్ చేయమనండి. ఒక పగటిపూట ఇంట్లో మరొకరి ఫోన్‌తో రెండుసార్లు చేయించి పరీక్షించుకోండి. మోగుతుందని మీ చెవితో విన్న తరువాతే ఆ చెవి ఊరుకుంటుంది.

ఫోన్‌ను కూర్చునే గదిలో ఉంచకుండా పక్క గదిలో పెట్టండి. చేతికి అందే దూరంలో ఉంటే, అది మోగకపోయినా ఒకసారి చూద్దామని చేయి సాగుతుంది. అత్తగారి మంచం పక్కన పూజగంట ఒకటి ఉంచి, ఏం కావలసినా ఆడించమనండి. ఆవిడ గంట మోగించిన రోజున సంకోచం లేకుండా లేచి వెళ్లండి. తిరిగి వచ్చి మిగిలిన సమయం కూర్చుంటే సాధనకు వచ్చే నష్టం ఏమీ లేదు.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. పదకొండేళ్లుగా రామకోటి రాస్తున్నాను. ఈమధ్య వేళ్ల కీళ్లు వాచి కలం పట్టుకోలేకపోతున్నాను. మా మనుమడు ఫోన్‌లో వేలితో తాకితే నామం పడే యాప్ ఒకటి పెట్టి ఇచ్చాడు. గంటలో వేలకు వేలు పడుతున్నాయి, కానీ రాసినప్పటి నెమ్మది కలగడం లేదు. ఇది రామకోటి అవుతుందా? జపానికి వేలికి తొడుక్కునే లెక్క యంత్రం వాడవచ్చునా?
– ఒక పాఠకుడు, నల్లకుంట

జవాబు: అయ్యా, ఈ నెల ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది మీది. ఫోన్‌లో పడిన నామం శాస్త్ర ప్రకారం లెక్కకు వస్తుందా అన్నది నేను తేల్చగలిగిన విషయం కాదు, దాన్ని మీరు నమ్మే పెద్దలనే అడగండి. మీరు అడిగినదానిలో నెమ్మది గురించి మాత్రం చెప్పగలను.

ఒక చిన్న లెక్క వేద్దాం. మూడు సెకన్లకు ఒక నామం చొప్పున గంటకు 1,200 నామాలు. రోజుకు గంటసేపు రాస్తే కోటి పూర్తి కావడానికి 8,333 రోజులు, అంటే ఇరవై రెండేళ్లు దాటి పడుతుంది. ఒక మనిషి జీవితంలో పెద్ద భాగాన్ని అడిగే సాధనను త్వరగా ముగించాలన్న ఆలోచనతో ఎవరూ పెట్టి ఉండరు. మన ఇళ్లలో అమ్మమ్మలు గీతల పుస్తకంలో చిన్న చిన్న గడుల్లో నామం నింపుతున్నప్పుడు చేయి రాస్తుంది, కన్ను చూస్తుంది, పెదవి పలుకుతుంది. ఈ మూడూ ఒకే వేగంతో నడవాలి కనుక మనసు ఆ వేగానికి దిగి వస్తుంది. భద్రాచలం తీసుకువెళ్లి స్వామికి సమర్పించే ఆ పుస్తకాల బరువు అలా కూడిన ఘడియలదే. వేలితో తాకడంలో చేతి పని మిగిలింది గానీ, అక్షరం దిద్దే పని పోయింది. అందుకే అంకె పెరుగుతున్నది, నెమ్మది రావడం లేదు. మీరు గమనించినది నిజమే.

అలాగని మనుమడు ప్రేమతో పెట్టి ఇచ్చినదాన్ని పక్కన పడేయవద్దు. దాని పనిని మార్చండి. ముందు నామాన్ని పూర్తిగా, వినబడేలా పలకండి. పలకడం పూర్తయిన తరువాతే వేలితో తాకండి. అప్పుడు నామం మీ నోట జరుగుతుంది, యాప్ గుమాస్తాలా లెక్క మాత్రం రాసిపెడుతుంది. రోజుకు వేలకు బదులు మూడు వందలు అయినా చాలును. చేయి కాస్త తెరిపినిచ్చిన రోజుల్లో లావుపాటి స్కెచ్ పెన్నుకు గుడ్డ చుట్టి, పెద్ద అక్షరాలతో ఒక పుటకు పదకొండు నామాలు రాయండి. సన్నని కలాన్ని బిగించి పట్టడం వల్ల కలిగే నొప్పి లావు పెన్నుతో కొంత తగ్గుతుంది. వాపు తగ్గకపోతే వైద్యునికి చూపించుకోవడం మానవద్దని మనవి.

వేలికి తొడిగే లెక్క యంత్రం గురించి అడిగారు. బేగంబజార్‌లోనూ, సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లోనూ పూజా సామగ్రి అమ్మే చోట అడిగి చూడండి. ప్రయాణంలో, జనం మధ్యలో అది అనువైనదే. అయితే జపమాలకు ఉన్న ఒక గుణం దానికి లేదు. మాలలో 108 పూసలు తిరిగి, మాల రెండు కొసలూ కలిసే చోట ఉండే మేరుపూస బొటనవేలికి తగలగానే దాన్ని దాటకుండా మాలను వెనక్కి తిప్పుతాం. ఆ తిప్పడంలో ఒక్క క్షణం ఆగుతాం, పరధ్యానంగా ఉన్నామేమో తెలుసుకుంటాం. యంత్రంలో 107కూ 109కీ తేడా తెలియదు. కీళ్ల నొప్పి ఉన్నవారు సన్నని పూసల బదులు పెద్ద పూసల మాల, అదీ 27 పూసలది తీసుకుంటే నాలుగు చుట్లకు 108 అవుతుంది. ఏదీ చేతిలో లేనప్పుడు వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకునే కరమాల ఎలాగూ ఉండనే ఉంది.

ప్రశ్న: ఫోన్ అలారం మోగితే గుండె అదిరిపడుతున్నది. అగరుబత్తి కాలినంతసేపు కూర్చోవచ్చునా?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: నిస్సందేహంగా కూర్చోవచ్చు. జపాన్‌లోని జెన్ అనే బౌద్ధ శాఖ మఠాల్లో ఒక అగరుబత్తి కాలినంత కాలాన్నే ఒక విడత ధ్యానంగా లెక్కిస్తారు, అది సుమారు నలభై నిమిషాలు. మనకూ ఇటువంటి కొలత ఉండేది. అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీటి మీద వదిలితే అది నిండి మునిగేంత కాలమే గడియ, ఇప్పటి లెక్కలో 24 నిమిషాలు. గడియారం అనే మాటకు మూలం ఈ గడియే. మీ ఇంట్లో వాడే అగరుబత్తి ఎంతసేపు కాలుతుందో ఒకసారి చూసి, ఇరవై నిమిషాలే కావాలంటే ఆ మేరకు విరిచి వెలిగించుకోండి. అపార్ట్‌మెంట్లలో తలుపులన్నీ మూసిన చిన్న గదిలో మాత్రం వెలిగించవద్దు. ఉబ్బసం ఉన్నవారు ఈ పద్ధతిని మానుకోవాలి.

ఫోన్ టైమర్‌కు కూడా మెల్లగా మొదలై పెరిగే గంట శబ్దాన్ని ఎంచుకోవచ్చు. వంటింటి టైమర్ ఉంటే తువ్వాలులో చుట్టి పక్క గదిలో పెడితే దాని గట్టిదనం తగ్గుతుంది. కొన్ని ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనుక నడిచే యాప్‌ను ఆపేస్తాయి, దాంతో ముగింపు గంట మోగదు. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేస్తే ఆ ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: ఎల్‌బీ నగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ మెట్రోలో వెళతాను. ఇంట్లో సమయం దొరకదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రైల్లో చేసే ధ్యానం ధ్యానమేనా?
– ఒక ఉద్యోగిని, ఎల్‌బీ నగర్

జవాబు: ధ్యానమే. పైగా ఎల్‌బీ నగర్ లైను మొదటి స్టేషన్ కనుక మీకు సీటు దొరికే అవకాశం ఎక్కువ. అమీర్‌పేటలో రైలు మారాలి కాబట్టి, అక్కడి వరకు ఒక విడతగా పెట్టుకోండి. స్టేషన్ దాటిపోతుందేమోనన్న కంగారు లేకుండా, రెండు స్టేషన్ల ముందు ఫోన్ చిన్నగా వణికేలా టైమర్ పెట్టుకుంటే మనసు తేలికపడుతుంది. బ్యాగు పట్టీని చేతికి చుట్టుకోండి.

ఇయర్‌ఫోన్స్ విషయంలో నా అభిప్రాయం వేరు. బయటి చప్పుడును పూర్తిగా మూసేసే ఇయర్‌ఫోన్స్‌కు అలవాటు పడితే, ఇంట్లో బోరు మోటారు మోగినా, పక్క వీధి ఫంక్షన్ హాల్లో బ్యాండు మొదలైనా కూర్చోలేని స్థితి వస్తుంది. మన నగరంలో బోనాలకు, వినాయక చవితికి, పెళ్లి ముహూర్తాలకు నిశ్శబ్దం కోసం ఎదురుచూసేవారికి సాధన సాగదు. వారంలో రెండు రోజులు చెవుల్లో ఏమీ లేకుండా, తలుపులు తెరుచుకునే శబ్దం, స్టేషన్ పేరు చెప్పే గొంతు, పక్కవారి మాటలు వచ్చి పోతుండగా వాటినే గమనిస్తూ కూర్చోండి. స్టేషన్ నుంచి ఆఫీసుకు రోడ్డు దాటేటప్పుడు మాత్రం చెవులూ కళ్లూ రెండూ తెరిచి ఉండాలి. బండి నడుపుతూ ధ్యానపు ఆడియో వినడం ఏ విధంగానూ తగదు.

ప్రశ్న: నా చేతి గడియారం ధ్యానం తరువాత ‘ఒత్తిడి’ ఎంత తగ్గిందో అంకె చూపిస్తుంది. ఒక్కోరోజు బాగా కూర్చున్నాననుకుంటే అంకె పెరిగి ఉంటుంది. దేన్ని నమ్మాలి?
– ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: ఆ గడియారం చర్మం మీదకు ఆకుపచ్చ వెలుగు పంపి, రక్తప్రవాహంలోని హెచ్చుతగ్గులను బట్టి గుండె కొట్టుకునే తీరును అంచనా వేస్తుంది. ఆ తీరు నుంచి ‘ఒత్తిడి’ అనే అంకెను కడుతుంది. కాఫీ తాగినా, నిద్ర చాలకపోయినా, పట్టీ వదులైనా ఆ అంకె మారుతుంది. నెలల తరబడి మీ విశ్రాంతి వేళ గుండె వేగం ఎలా ఉన్నదో తెలుసుకోవడానికి అది పనికివస్తుంది. ఇవాళ్టి ఇరవై నిమిషాలకు మార్కులు వేయడానికి పనికిరాదు. కూర్చునే ముందు దాన్ని తీసి బల్ల మీద పెట్టండి.

ప్రశ్న: ఏడు రోజులు ఉచితం అంటే ఒక యాప్ పెట్టుకున్నాను. నచ్చక తీసేశాను. నెల తరువాత ఖాతాలోంచి ఏడాది రుసుము పోయింది.
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఇదే నాకూ జరిగింది కనుక మీ కోపం నాకు తెలుసు. ఫోన్ నుంచి యాప్‌ను తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ రద్దు కాదు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ప్లే తెరిచి, పై మూలనున్న మీ బొమ్మను నొక్కి, చెల్లింపులు, సబ్‌స్క్రిప్షన్లు అనే చోటికి వెళ్లి రద్దు చేయాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్లు కనిపిస్తాయి. మీరు యూపీఐ ద్వారా ఆటోపే ఒప్పుకుని ఉంటే, ఆ యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలో కూడా చూసి ఆపేయండి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఇలా తనంతట తానుగా డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా మీకు సమాచారం రావాలి. ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని చెరిపేయకండి. పోయిన రుసుము కోసం వెంటనే గూగుల్ ప్లే లేదా ఆపిల్ వద్ద రీఫండ్‌కు అభ్యర్థన పెట్టండి, ఆలస్యమైన కొద్దీ తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది. మొదటి ఆరు నెలలు ధ్యానం కోసం ఏ యాప్‌కూ డబ్బు కట్టవలసిన అవసరం లేదని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: యాప్‌లో చెప్పినట్టు శ్వాస బిగబట్టి కూర్చున్నప్పుడల్లా గుండె దడ, చచ్చిపోతానేమోనన్న భయం కలుగుతున్నాయి. రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు. ఇంకా ఎక్కువసేపు కూర్చుంటే పోతుందా?
– పేరు వద్దన్న పాఠకుడు, ఉప్పల్

జవాబు: పోదు. దయచేసి ఇవాళ్టి నుంచే శ్వాస బిగబట్టడం ఆపండి. యాప్‌కు మీ రక్తపోటు తెలియదు, మీ ముఖం కనిపించదు, మీరు వణుకుతున్నా అది తరువాతి సూచన చెబుతూనే పోతుంది. ఎదుట కూర్చుని నేర్పే మనిషైతే అక్కడే ఆపించేవారు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా శ్వాసను బిగబట్టే అభ్యాసాలు చేయకూడదు.

ముందు ఒక వైద్యునితో గుండెను పరీక్ష చేయించుకోండి. భయం, నిద్రలేమి గురించి మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. ఏ వేళనైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు, రుసుము లేదు. నగరంలో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో వైద్యులు ఉన్నారు. అక్కడికి వెళ్లడానికి సంకోచించవద్దు. వారు సరేనన్న తరువాత, కళ్లు తెరిచి, ఇందిరా పార్కులోనో మీ వీధిలోనో పాదం నేలను తాకడాన్ని గమనిస్తూ పది నిమిషాలు నడవడంతో మళ్లీ మొదలుపెట్టండి. ఇప్పుడు మీ ఫోన్ చేయగలిగిన అతి పెద్ద సాయం ఆ నంబరుకు కాల్ కలపడమే.

ప్రశ్న: నాగార్జునసాగర్ రోడ్డులోని విపశ్యన కేంద్రంలో పది రోజుల శిబిరానికి చోటు దొరికింది. ఫోన్ తీసేసుకుంటారట. గత ఏడేళ్లలో ఒక్క పూట కూడా ఫోన్ లేకుండా లేను. ఎలా సిద్ధం కావాలి?
– ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: విపశ్యన ధ్యానాన్ని నేర్పిన ఎస్.ఎన్. గోయెంకా గారి సంప్రదాయంలో నడిచే ఆ కేంద్రం పేరు ధమ్మ ఖేత్త, 1976లో ఏర్పడింది. మీ ఇంటికి దగ్గరే గనుక ప్రయాణం శ్రమ లేదు. ఫోన్ ఒక్కటే కాదు, చదివే పుస్తకాలు, రాసుకునే కాగితాలు, జపమాలలు, తాయెత్తులు కూడా లోపలికి తీసుకువెళ్లకూడదు. ఈ పుటల్లో ఇంతవరకు మనం చెప్పుకున్న సాధనాలన్నీ అక్కడ గుమ్మం బయటే ఆగిపోతాయి. సమయం గురించి మీకు చింత ఉండదు. తెల్లవారి నాలుగు గంటలకు గంట మోగించి లేపుతారు, నాలుగున్నర నుంచి ధ్యానం, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పుతారు. మొదటి మూడు రోజులు శ్వాసను గమనించడం, నాలుగో రోజు నుంచి శరీరంలోని సంవేదనలను గమనించడం నేర్పుతారు. తొమ్మిది రోజుల పాటు మౌనం ఉంటుంది, పదో రోజున మాట్లాడనిస్తారు, పదకొండో రోజు ఉదయం ముగుస్తుంది. భోజనానికి, వసతికి రుసుము అడగరు.

శిబిరానికి వెళ్లే ముందు రెండు వారాలు ఇంట్లో అభ్యాసం చేయండి. రాత్రి భోజనమైన దగ్గరనుంచి మరునాడు స్నానం అయ్యేదాకా ఫోన్‌ను ఆపి బీరువాలో పెట్టండి. తెల్లవారి లేవడానికి నూట యాభై, రెండు వందల రూపాయల్లో దొరికే బల్ల అలారం గడియారం కొనుక్కోండి. మొదటి రెండు రాత్రులు చేయి దిండు కింద వెతుకుతుంది, మూడో రాత్రికి తగ్గుతుంది. కరెంటు బిల్లు, ఇంటి అద్దె, కార్డు వాయిదా ముందే కట్టేయండి. పది రోజులు అందుబాటులో ఉండనని ఆఫీసులో లిఖితపూర్వకంగా చెప్పండి. అత్యవసరమైతే కేంద్రం కార్యాలయం ద్వారా మీకు కబురు అందుతుంది కనుక ఆ నంబరును కాగితం మీద రాసి ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

ముగిసిన ఉదయం ఫోన్ చేతికి ఇస్తారు. ఆన్ చేయగానే పది రోజుల మెసేజ్‌లు ఒక్కసారిగా వచ్చి పడతాయి. గేటు దగ్గరే తెరవకండి. ఇంట్లో వారికి వస్తున్నానని ఒక్క కాల్ చేసి, దాన్ని సంచిలో వేసుకుని, ఇంటి దాకా దారి చూస్తూ రండి. స్నానం చేసి, అన్నం తిన్న తరువాత తెరవండి. ఆ సాయంత్రం గంటసేపు కూర్చోవడానికి ఫోన్‌లో టైమర్ పెట్టుకుంటే అభ్యంతరం లేదు.